దొరసాని మంచం

నాకు అనుమానం ఎక్కువ. మా పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ కలిసి ఒప్పుకున్న మాట ఏదైనా ఉందంటే అదొక్కటే. పాలవాడు నవ్వుతూ వస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడేమోనని చూస్తాను. చుట్టాలు వచ్చి నా వంటను పొగిడితే, వాళ్ళు ఏం అడగడానికి వచ్చారో తేలేదాకా నాకు కూర్చోబుద్ధి కాదు. అలాంటిదాని ఇంటికి, తొలిచూలు మోస్తున్న రోజుల్లో, ఉదయగిరి నుంచి మా బావగారు ఒక టేకు మంచం పంపించారు. ఊరికే పంపించారు. ఆ మంచం మీద పడుకున్నవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేచి నడవలేదని నాకు ముందు తెలియదు. దాని మీద మా అత్తమ్మను పడుకోబెట్టే రోజు వస్తుందని అసలే తెలియదు.

తొంభైల్లో మాట ఇది. మేం ఆత్మకూరులో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. రెండు గదులు, ముందు వరండా, వెనక వంటకు రేకుల పంచ. ఇంట్లో ఉన్నది ఒకే ఒక నవారు మంచం, అది కూడా నడిమికి కుంగిపోయి ఉండేది. ఒక మధ్యాహ్నం ఇంటి ముందు లారీ ఆగింది. డ్రైవరూ క్లీనరూ కలిసి మంచం కోళ్ళు, పట్టెలు, పలకలు ఒక్కొక్కటే దించి వరండాలో పెట్టారు. ఆఖరున తలవైపు పలక దించారు. దాని మీద ద్రాక్షగుత్తులు చెక్కి ఉన్నాయి. చేత్తో తడిమితే నున్నగా, చల్లగా తగిలింది. అంత మంచి సామాను మా ఇంట్లో అంతకుముందు లేదు.

డ్రైవరు ఉదయగిరి మనిషే. మంచినీళ్ళు తాగి చెంబు తిరిగిస్తూ నా కడుపు వైపు చూశాడు.

"అమ్మా, చెప్పకూడదుగానీ చెప్తుండా. ఇంట్లో పెట్టుకుంటే పెట్టుకో. దాని మీద మాత్రం పండుకోబాక."

"ఎందుకన్నా?"

"మీ ఇంటాయన్ని అడుగు. ఉదయగిరిలో ఆ మంచం సంగతి తెలీనోళ్ళు ఎవురుండారు?"

అతను వెళ్ళాక నేను పలకలను ఒక్కొక్కటే తిప్పి చూశాను. పురుగు తిన్న జాడ లేదు, చీలిక లేదు. లోపం కనిపిస్తే కొంత నెమ్మదించేదాన్నేమో. లోపం లేని వస్తువును ఊరికే పంపించారంటే నాకు ఇంకా భయం వేసింది.

సాయంత్రం మా ఆయన వచ్చి, వరండాలో పలకలు చూసి, గడపలోనే ఆగిపోయాడు. చేతుల గ్రీజు కడుక్కోవడానికి ఆ రోజు పట్టినంతసేపు ఎప్పుడూ పట్టలేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు.

వాళ్ళ ముత్తాత ఉదయగిరిలో ఉండిన దొరల ఇంట్లో వంటమనిషి. ఆ ఇంట్లో రోగులకు మందులిచ్చే దొరసాని ఒకామె జ్వరం తగిలి ఆ మంచం మీదే పోయింది. మా ఊరికి తీసుకుపోండి, మా అమ్మ దగ్గరికి తీసుకుపోండి అని చివరిదాకా అడిగిందట. ఓడ ఎక్కడ, ఆ మనిషి ఉన్న స్థితి ఎక్కడ. కొండ కింద సమాధుల దొడ్డిలో పెట్టారు. మంచాన్ని వంటమనిషికి ఇచ్చారు. తనను ఇంటికి పోనివ్వలేదు కాబట్టి, దాని మీద పడుకున్నవాళ్ళను ఆమె కూడా లేచి ఇంట్లోకి పోనివ్వదని చెప్పుకుంటారు. మిట్టమధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగినప్పుడు ఆ మంచం దానంతటదే మూలుగుతుందట, ఎవరో పక్కకు ఒత్తిగిల్లినట్టు.

"ఆ వంట చేసిన తాత దాని మీదే పొయ్యినాడు. మా అబ్బ, మా నాయనకు నాయన, దాని మీదే. మా నాయన, మా చిన్నన్న కూడా దాని మీదే," అన్నాడు. చిన్నన్న అంటే మా బావగారికీ ఈయనకూ మధ్యవాడు. పెళ్ళికాకుండానే పచ్చకామెర్లతో పోయాడని నాకు తెలుసు. ఎక్కడ పడుకుని పోయాడని నేనెందుకు అడుగుతాను?

"నువ్వు నమ్ముతావా ఇదంతా?"

"ఛ. ప్రతి ఆదివారం చర్చికి పొయ్యేవోళ్ళం, ఇట్టాంటివి నమ్ముతామా?"

అని, ఆ పలకలకు తగలకుండా గోడవారగా నడిచి లోపలికి పోయాడు.

వాన పడితే పాడైపోతుందని చివరకు ముందు గదిలోనే బిగించాడు. ఒక బోల్టుకు నట్టు లేదు. డిపోలో దొరకని నట్టు ఉంటుందా, అయినా నెలలు గడిచినా తేలేదు. దాని పని తొందరగా ముగించుకుని దూరంగా పోవాలని ఆయన తాపత్రయం. గది సగం మంచమే ఆక్రమించింది. ఇంటికి వచ్చినవాళ్ళు దాని పక్కన కుర్చీ ఇరికించుకుని కూర్చునేవాళ్ళు. పచ్చడి జాడీలైనా పెట్టుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు.

"జాడీలు చావవు గదా," అన్నాను.

ఆయనకు నవ్వు రాలేదు.

నా అనుమానం మాత్రం దొరసాని మీద కాదు, మా తోడికోడలి మీద. ఆమె నా పెళ్ళికి పెట్టిన చీర ఒక్క ఉతుకుకే చీలికలైంది. అలాంటి మనిషి టేకు మంచం ఊరికే వదులుకుంటుందా? నేను కడుపుతో ఉన్నానని కబురు పోయిన కొన్నాళ్ళకే అది మా ఇంటికి ఎందుకు రావాలి? నాకూ నా కడుపులో బిడ్డకూ కలిపి వేసిన పథకం అని లెక్క తేల్చుకున్నాను. ఎస్టీడీ బూతుకు పోయి, వాళ్ళ పక్కింటికి ఫోను చేసి పిలిపించాను.

"అక్కా, మంచం శానా బాగుండాది. నువ్వే ఉంచుకోకపొయ్యినావా?"

"మా ఇంట్లో జాగా యాడుండాది మే," అంది. వాళ్ళది మా ఇంటికి రెండింతలుండే ఇల్లు.

"అత్తమ్మ బాగుండాదా?"

"ఉండాది. కొంచెం దగ్గు."

ఫోను పెట్టేసింది. జాగా లేదట. నేను దారి పొడుగునా ఆ మాటనే నములుకుంటూ ఇంటికి వచ్చాను. అత్తమ్మ దగ్గు సంగతి మనసుకు పట్టలేదు.

కానుపుకు కొండాపురంలోని మా అమ్మ దగ్గరికి పోవాల్సిన నెల దగ్గరపడుతుండగా అత్తమ్మకు జబ్బు చేసింది. విడవని జ్వరం. ఉదయగిరిలో సూదులు వేయించినా తగ్గలేదని బావగారు బస్సులో తీసుకొచ్చి మాకు అప్పజెప్పి, సేద్యం పనులున్నాయని మర్నాడే వెళ్ళిపోయారు. ఆత్మకూరు డాక్టరు రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. మందులు క్రమం తప్పకుండా వాడి, గంజి, జావ తాగుతూ పడుకుంటే లేచి తిరుగుతుంది, భయం లేదన్నాడు. ఆ భయం లేదన్న మాట నేను చెవులారా విన్నాను.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మా ఆయన పెద్ద మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంచాడు. తలగడకు ఇస్త్రీ చేసిన గలీబు తొడిగాడు. నేను గుమ్మంలోనే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"దాని మీదా?"

"ఇంకెక్కడ? కుంగిపోయిన నవారు మంచం మీద ఏసేదా మా అమ్మను? చూడొచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

ఆ ఇంటి మర్యాద అది. మనిషికి జబ్బు ముదిరితే ఇంట్లో ఉన్న మంచి మంచం ఎక్కించాలి. మంచి మంచం ఉండి కూడా ఎక్కించకపోతే కొడుకులు పట్టించుకోలేదని పదిమందీ అంటారు. ఆయన మొహంలో భయం ఉంది, అయినా మర్యాదే గెలిచింది. నమ్మనని నాతో ఒకసారి అనేశాడు కాబట్టి వెనక్కి తగ్గడానికి దారి కూడా లేదు.

అత్తమ్మ ఆ ద్రాక్షగుత్తుల పలకను చూసింది. తర్వాత కొడుకును చూసింది.

"నేల మీద పండుకుంటా నాయనా. చాపెయ్యి."

"నేల మీదేందిమా, ఊరుకో," అంటూ పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పడుకోబెట్టాడు.

మంచం కిర్రుమంది. ఆమె గోడవైపు తిరిగింది. ఇక మాట్లాడలేదు.

తర్వాతి రోజుల్లో జ్వరం తగ్గుతూ వచ్చింది, మనిషి మాత్రం క్షీణిస్తూ వచ్చింది. డాక్టరు ఇంటికి వచ్చి చూసి, ఒళ్ళు చల్లబడింది గదా, ఈమె ఇట్లా ఎందుకైపోతోందని నన్నే అడిగాడు. నాకు ఆ ప్రశ్నతో అనుమానం మొదలైంది. ఆమె తలగడ ఎత్తి చూస్తే వేసుకుందనుకున్న మాత్రలన్నీ దాని కింద ఉన్నాయి. నోట్లో పోసిన గంజి మెల్లగా చెంపమీదుగా తువ్వాలులోకి వదిలేస్తోంది. ఇదేంది అత్తమ్మా అంటే పలకదు. ఒక్కసారి మాత్రం, నాతో కాదు, గోడతో అన్నట్టు అంది.

"పెట్టెలో తెల్లకోక ఉండాది."

అది ఆమె తనను సమాధి చేసేటప్పుడు కట్టడానికి దాచుకున్న కోక. మా అత్తమ్మంటే నాకు మహా ప్రేమ అని చెప్పను, ఆమె నోరు మంచిది కాదు. కానీ నా వాంతులకు ఉదయగిరి నుంచి ఉప్పులో ఊరిన నిమ్మకాయలు పంపిన మనిషి ఆమె. భయం లేదని డాక్టరు చెప్పిన జబ్బుతో నా కళ్ళ ముందే పోతోంది.

చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. తగ్గించమని అడగాల్సినవారు, ఈ తల్లిని నీ సన్నిధిలో చేర్చుకో అన్నట్టుగా చేశారు. ఆయన్నీ అనుమానించాను. మంచం సంగతి అప్పటికే మా వీధంతా పాకింది, దాన్ని చూడగానే ఆయన కూడా ఆశ వదిలేశారు. ఇరుగుపొరుగు వచ్చి కుర్చీ ఇరికించుకుని కూర్చుని, మంచి మనిషి, చల్లని తల్లి అని ఆమె ఎదుటే, గతించిన మనిషిని గురించి చెప్పుకున్నట్టు మాట్లాడి పోయేవాళ్ళు.

కబురు పంపితే బావగారూ తోడికోడలూ వచ్చారు. తోడికోడలు గదిలో అడుగుపెట్టి, మంచాన్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేరుగా వంటపంచలోకి వచ్చేసింది.

"దాని మీదికి ఎందుకు ఎక్కించినారు మే?"

"నువ్వు పంపిన మంచమే గదక్కా," అన్నాను. ఇన్ని నెలలుగా గొంతులో ఉన్నది ఆ మాట.

"నేనెక్కడ పంపినా? అత్తమ్మే పంపించింది. దగ్గు మొదలైన కాడినుంచి ఒకటే పోరు. నాకు ఒళ్ళు బాగలేకపోతే మీరు దాని మీద ఏస్తారు, అది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు, చిన్నోడింటికి తోలెయ్యండి అని. నీకు చెప్పొద్దనింది."

నేను వెంటనే నమ్మలేదు. ఆమె కళ్ళలోకి చూస్తూ పొయ్యి మీద జావ కలుపుతున్నాను. కానీ అబద్ధం చెప్పేటప్పుడు ఆమె చీర కుచ్చిళ్ళు సవరించుకుంటుంది. అప్పుడు సవరించుకోలేదు.

"అక్కా, ఆ ఇంట్లో ఒంట్లో బాగుండేవాళ్ళు ఎవురన్నా ఎప్పుడన్నా దాని మీద పండుకున్నారా?"

"బాగుండేవాళ్ళు ఎందుకు పండుకుంటారు? అది జబ్బు మనుషులకు పెట్టింది."

"జబ్బు చెయ్యంగానే ఎక్కిస్తారా?"

"కాదు మే. డాక్టర్లు ఇంక లాభంలేదు, ఇంటికి తీసకపోండి అన్నాక. నలుగురూ చూడను వస్తారు గదా, అప్పుడు."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. దొరసాని ఎవరినీ చంపలేదు. చావబోయేవాళ్ళను ఏరి ఏరి తీసుకుపోయి దాని మీద పడుకోబెట్టి, దాని మీద పడుకున్నవాళ్ళంతా చచ్చిపోయారని ఈ ఇల్లు తరాలుగా వణుకుతోంది. ఇన్నాళ్ళూ ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు, అనుమానపు మనిషినైన నేను కూడా. అత్తమ్మకు చావు తీర్పు చెప్పింది టైఫాయిడ్ కాదు, ఆ దుప్పటి. డాక్టరు మాకు చెప్పిందేదో తనకు చెప్పకుండా దాచి, తనను దాని మీద ఎక్కించామనే ఆమె అనుకుంది. మాటలతో చెబితే నమ్మే దశ దాటిపోయింది.

పొయ్యి ఆర్పి గదిలోకి పోయాను. ఎండ మండిపోతున్న వేళ. మా ఆయన తలుపు దగ్గర మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, బావగారు కుర్చీలో ఉన్నారు. నేను కాళ్ళవైపు నుంచి మంచం ఎక్కాను. నిండుకడుపుతో ఎక్కడం అంత సులువు కాదు, రెండు చేతులూ ఆనించి పాక్కుంటూ పోయి అత్తమ్మ పక్కన వెల్లకిలా పడుకున్నాను. మంచం పెద్దగా మూలిగింది. నిజం చెప్పాలంటే ఆ మూలుగుకు నా గుండె జారిపోయింది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"ఏందే నువ్వు చేసే పని," అంటూ మా ఆయన లేచాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడి ప్రభువా ప్రభువా అంటోంది.

"నాకు నడుము నొప్పిగా ఉండాది. ఇంత మంచం ఉండంగా చాప మీద ఎందుకు పండుకోవాల?" అని కళ్ళు మూసుకున్నాను.

పక్కన కదలిక. అత్తమ్మ ఇటు తిరిగింది.

"దిగు మే."

ఆమె గొంతు విని ఎన్నాళ్ళయిందో. నేను కదలలేదు.

"దిగు మే, కడుపుతో ఉండావు. బుద్ధుండాదా నీకు?"

"నువ్వు పండుకోలా?"

"నాదైపోయింది. నువ్వు దిగు."

"నువ్వు దిగితే దిగతా."

చెంబు ఎత్తలేని చెయ్యి నా భుజాన్ని పట్టుకుని తోసింది. నేను మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. ఆమె మోచేతి మీద లేచింది. మా ఆయన పట్టుకోబోతే విదిలించుకుంది. కాళ్ళు కిందికి వేసి, గోడ పట్టుకుని, మంచం చుట్టూ తిరిగి నా వైపుకు వచ్చి, నా రెక్క పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఆయాసంతో రొప్పుతోంది, నన్ను నోటికొచ్చినట్టు తిడుతోంది. ఆ తిట్లు వింటుంటే నాకు కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. సంతోషంతోనే ఏడ్చాను.

"అత్తమ్మా, దాని మీద నుంచి లేచి నడిచినావు," అన్నాను. "చూసుకో. ఎవురూ లేవలేదన్నారు గదా."

ఆమె లాగడం ఆపింది. తన కాళ్ళ వైపు చూసుకుంది. నేల మీద ఉన్నాయి రెండు కాళ్ళూ. అక్కడే కూలబడి, మంచం కోడుకు వీపు ఆనించి కూర్చుంది.

నేను దిగి గంజి తెచ్చాను. నాకేసి గుర్రుగా చూస్తూనే తాగింది. మాత్రలు చేతిలో పెడితే మింగి, నాలుక కూడా చూపించింది, ఇంక నువ్వు నమ్మవు గదా అని. తర్వాత చాలాసేపటికి, అందరూ బయటికి పోయాక, అలాగే నేల మీద కూర్చుని చెప్పింది.

"మీ మామను దాని మీద ఏసినప్పుడు, అయితే అయిపోయిందా అని నన్ను అడిగినాడు. గోడ పక్కకు తిరిగినాడు. మళ్ళ మాట్లాడలా."

నేను ఊ కొట్టాను.

"నడిపోడికి కామెర్లప్పుడు దుప్పటి నేనే పరిచినా మే. మంచి మంచం గదా, బిడ్డ సుఖంగా పండుకుంటాడని పరిచినా. వాడు ఎక్కనన్నాడు. అమ్మా, నేను బతకతా, దాని మీద ఎయ్యబాక అన్నాడు. నేనే బతిమాలి ఎక్కించినా."

కామెర్లు ముదిరిపోయాయి, డాక్టర్లు వదిలేశారు, నువ్వు పరచకపోయినా పోయేవాడే అని చెప్పాను. నిజమే అయివుంటుంది. కానీ పెద్ద ఆస్పత్రులు చేతులెత్తేశాక కూడా బతికినవాళ్ళు ఉన్నారు, ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె నా మాట వింటూ, నేల మీద నుంచే చెయ్యి ఎత్తి, మంచం మీది దుప్పటిని పట్టుకుని మెల్లగా కిందికి లాగేసింది. లాగిన దుప్పటిని ఒళ్ళో కుప్పగా పెట్టుకుని దాంట్లో మొహం దాచుకుంది.

కోలుకోవడానికి నెల పైనే పట్టింది, నేల మీద చాప వేసుకునే కోలుకుంది. నేను కొండాపురం పోయి ఆడపిల్లను కని తెచ్చాను. బిడ్డను ఆ మంచం మీదే పడుకోబెట్టాను, ఇంట్లో ఉన్న మంచి మంచం అదొక్కటే. అత్తమ్మ వద్దనలేదు. కానీ బిడ్డ నిద్రపోతున్నంతసేపూ పక్కన కూర్చుని, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. మా ఆయన డిపో నుంచి నట్టు తెచ్చి బిగించాడు. అయినా ఎండలు ముదిరితే అది మధ్యాహ్నం పూట ఒకసారి మూలుగుతుంది. టేకు కదా, ఎండకు అట్లనే చేస్తుందంటాడు. నా తోడికోడలి మీద నాకు ఇంకా సగం అనుమానం ఉంది, ఆ చీర సంగతి అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు అత్తమ్మ లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ఉదయగిరిలో, తన చాప మీద పోయింది. మంచం నా దగ్గరే ఉంది. రోజూ దాని మీదే పడుకుంటాను, హాయిగా నిద్ర పడుతుంది. వచ్చినవాళ్ళకు ఈ కథ చెప్పి, మన పెద్దవాళ్ళు ఎంత పిచ్చివాళ్ళో చూడండి అని నవ్వుతాను కూడా. ఒంట్లో కాస్త వేడిగా అనిపిస్తే మాత్రం, ఎవరికీ చెప్పకుండా, చాప తెచ్చుకుని నేల మీద పడుకుంటాను.